లీన్ అంటే కోత కాదు: మన ఉద్యోగాలకూ, ఊరి పరిశ్రమలకూ పనికొచ్చే లెక్క

అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లకు ‘లీన్’ అనే మాట కొత్తేమీ కాదు. కానీ ఈ మధ్య ఆ మాట చెవిన పడితే చాలా ఇళ్లలో గుండె గుభేలుమంటోంది. సంస్థను మరింత లీన్‌గా మారుస్తున్నామని పైనుంచి ఒక మెయిల్ వచ్చిందంటే, దాని వెనకాలే లేఆఫ్ లిస్టు వస్తుందని అందరికీ అనుభవమైపోయింది. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక దొరికేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా కొత్త ఉద్యోగమో, మరో వీసా దారో వెతుక్కోవాలి. పిల్లల స్కూలు, ఇంటి లోను, ఊళ్లో అమ్మానాన్నలకు చెప్పాల్సిన సమాధానం అన్నీ ఆ 60 రోజుల్లోనే తేలాలి.

మరి లీన్ అంటే నిజంగా మనుషుల్ని తగ్గించడమేనా? ఫ్యాక్టరీల్లో పుట్టిన ఈ పద్ధతి ఇప్పుడు ఏ మలుపు తిరుగుతోంది? పరిశోధనలు ఏం చెబుతున్నాయి? డెట్రాయిట్ కార్ల కంపెనీల్లో పనిచేసే ఇంజినీరుకు, ప్లేనోలో సాఫ్ట్‌వేర్ చేసే వారికి, అనంతపురం వైపు చిన్న యూనిట్ నడిపే బంధువుకు కూడా ఈ ప్రశ్నలతో పని ఉంది.

మాట అమెరికాది, పద్ధతి జపాన్‌ది

లీన్ ప్రొడక్షన్ అనే పేరు పెట్టింది జపాన్ వాళ్లు కాదు. ఎంఐటీలో పరిశోధకుడిగా ఉన్న జాన్ క్రాఫ్‌సిక్ 1988లో రాసిన వ్యాసంతో ఆ మాట వాడుకలోకి వచ్చింది. 1990లో ఎంఐటీ బృందం కార్ల పరిశ్రమ మీద తెచ్చిన పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. ఆ పేరు వెనక ఉన్న పద్ధతి మాత్రం టయోటాది. తైచి ఓనో అనే ఇంజినీరు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు కష్టపడి తీర్చిదిద్దినది. అమెరికా సూపర్ మార్కెట్లలో ఖాళీ అయిన సరుకునే మళ్లీ అరల్లో నింపే తీరు తన ఆలోచనకు ఒక మూలమని ఓనోయే చెప్పారు.

ఈ పద్ధతికి రెండు కాళ్లున్నాయి. ఒకటి జస్ట్ ఇన్ టైమ్: కావలసిన భాగం, కావలసిన వేళకు, కావలసినంతే రావాలి. రెండోది జిదోకా: తప్పు కనబడిన క్షణంలో యంత్రమైనా మనిషైనా పని ఆపాలి, సరిచేశాకే ముందుకు కదలాలి. లైన్‌లో నిలబడ్డ మామూలు కార్మికుడికి కూడా తాడు లాగి మేనేజరును పిలిచే హక్కు, సమస్య తీరకపోతే లైన్‌నే ఆపించే హక్కు ఉంటాయి.

టయోటా వాళ్లు వదిలించుకోవాల్సినవి మూడని చెబుతారు. ముద అంటే వృథా. ముర అంటే ఎగుడుదిగుడు, ఒకరోజు ఊపిరాడని పని, మరో రోజు ఖాళీ. మురి అంటే మనిషి మీదో యంత్రం మీదో మితిమీరిన భారం. బయటి కంపెనీలు వీటిలో మొదటిదాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాయి. మిగతా రెండింటినీ వదిలేశాయి. పదిమంది పని ఏడుగురి మీద వేసి దానికి లీన్ అని పేరు పెట్టడం, టయోటా నిఘంటువులోనే చూస్తే, మురి కిందికి వస్తుంది.

ఉద్యోగం పోదన్న నమ్మకమే పునాది

1950లో టయోటా దివాలా అంచుకు చేరింది. ఉద్యోగుల్ని తగ్గించాలనుకుంటే పెద్ద సమ్మె జరిగింది. తొలగింపులకు బాధ్యత వహిస్తూ కంపెనీ వ్యవస్థాపకుడు కిఇచిరో టొయోడా అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. ఆ దెబ్బ తర్వాతే శాశ్వత ఉద్యోగులకు భద్రత, వారి నుంచి పని మెరుగుపరిచే సూచనలు అనే ఇచ్చిపుచ్చుకోవడం బలపడింది. ఇందులో తర్కం తేలికగానే అర్థమవుతుంది. నా పని త్వరగా అయ్యే ఉపాయం చెబితే నా ఉద్యోగమే పోతుందనుకునే చోట ఎవరు నోరు విప్పుతారు?

2008లో పెట్రోలు ధరలు పెరిగి అమెరికాలో పెద్ద ట్రక్కుల అమ్మకాలు పడిపోయినప్పుడు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో ప్లాంటులో టయోటా మూడు నెలల పాటు ఉత్పత్తి ఆపేసింది. కానీ సొంత ఉద్యోగుల్ని తీసేయలేదు. జీతాలిస్తూ శిక్షణ ఇచ్చింది, ప్లాంటు బాగుచేయించింది, ఊళ్లో సేవా పనులకు పంపింది. ఇక్కడితో ఆపితే మాత్రం కథ సగమే అవుతుంది. అదే మాంద్యంలో జపాన్‌లో తాత్కాలిక కార్మికుల్ని టయోటా వేల సంఖ్యలో తగ్గించుకుంది. అంటే భద్రత అనే గొడుగు కింద శాశ్వత ఉద్యోగులకే చోటు దొరికింది. వెండర్ల ద్వారా కాంట్రాక్టుల మీద పనిచేసే మనవాళ్లు ఎక్కువమంది కనుక ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

నిల్వ లేకపోతే ఏమవుతుంది?

గత కొన్నేళ్లలో లీన్ మీద వచ్చిన పెద్ద విమర్శ గోదాముల గురించి. నిల్వలు తగ్గిస్తే డబ్బు ఆదా అవుతుంది, తప్పులు త్వరగా బయటపడతాయి. కానీ ఎక్కడో ఒక గొలుసు తెగితే అన్నీ ఆగిపోతాయి.

2021లో చిప్‌ల కరువు వచ్చినప్పుడు ప్రపంచంలోని చాలా కార్ల కంపెనీలు లైన్లు ఆపుకున్నాయి. జస్ట్ ఇన్ టైమ్ కాలం చెల్లిందని చాలామంది రాశారు. విచిత్రం ఏమిటంటే, ఆ పద్ధతిని కనిపెట్టిన టయోటా మిగతావారికంటే ఆలస్యంగా దెబ్బతింది. 2011 మార్చి భూకంపం, సునామీ తర్వాత ఏ భాగం దొరకకపోతే ఎన్నాళ్లు ఇబ్బందో లెక్క వేసుకుని, సరఫరాదారుల దగ్గర రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా చిప్‌లు ఉంచేలా ఏర్పాటు చేసుకుంది. 2021లో అమెరికా అమ్మకాల్లో జనరల్ మోటార్స్‌ను దాటి మొదటి స్థానానికి కూడా వచ్చింది. అయినా ఆ ఏడాది సెప్టెంబరులో తానూ ప్రపంచవ్యాప్త ఉత్పత్తిని సుమారు 40 శాతం తగ్గించుకోక తప్పలేదు. నిల్వ వల్ల ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది, ఆపద మాత్రం తప్పలేదు.

మన ఇళ్లలో లెక్క కూడా ఇంతే. కూరగాయలు ఏ రోజుకారోజు తెచ్చుకుంటాం. ఆవకాయ మాత్రం ఏడాదికి సరిపడా పెట్టుకుంటాం. అన్నింటికీ ఒకే నియమం పెట్టుకోం. మళ్లీ దొరకడానికి ఏడాది పట్టేది నిల్వ ఉండాలి, రేపు దొరికేది అక్కర్లేదు. ఫ్యాక్టరీల్లో ఇప్పుడు జరుగుతున్న మార్పు కూడా ఇలాంటిదే.

2025లో వచ్చిన రెండు ఘటనలు ఈ చర్చను మళ్లీ వేడెక్కించాయి. సెప్టెంబరు మొదట్లో టాటా మోటార్స్‌కు చెందిన జాగ్వార్ లాండ్ రోవర్ మీద సైబర్ దాడి జరిగి బ్రిటన్ ప్లాంట్లు సుమారు ఐదు వారాలు ఆగిపోయాయి. 150 కోట్ల పౌండ్ల రుణానికి ప్రభుత్వం హామీ ఇవ్వాల్సి వచ్చింది. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థకు నష్టం దాదాపు 190 కోట్ల పౌండ్లని, 5 వేలకు పైగా సంస్థలు ప్రభావితమయ్యాయని అక్కడి సైబర్ మానిటరింగ్ సెంటర్ అంచనా వేసింది. పెద్ద కంపెనీ తట్టుకుంది. రోజువారీ ఆర్డర్ల మీద బతికే చిన్న సరఫరాదారులకు అదే ఐదు వారాలు ప్రాణసంకటమైంది.

రెండోది నెక్స్‌పీరియా వ్యవహారం. చైనా యాజమాన్యంలో ఉన్న ఈ డచ్ చిప్‌ల కంపెనీ విషయంలో నెదర్లాండ్స్ ప్రభుత్వం జోక్యం చేసుకోవడం, బదులుగా చైనా ఎగుమతులు ఆపడంతో అక్టోబరులో కార్ల పరిశ్రమ కంగారుపడింది. అవి ఖరీదైన చిప్‌లు కూడా కావు, చవకరకం మామూలు భాగాలు. అవి లేక హోండా మెక్సికోలోని సెలాయా ప్లాంటును ఆపి, అమెరికా, కెనడా ప్లాంట్లలో ఉత్పత్తి తగ్గించింది.

గొలుసు తెగినప్పుడు గోదామే కాదు, సంబంధాలు కూడా కాపాడతాయనడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ కంపెనీ ప్లాంటు కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకులకు కావలసిన ఒక చిన్న వాల్వ్ దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది. నిల్వ కొన్ని గంటలదే ఉంది. కానీ దాదాపు 200 కంపెనీలు కలిసి, కొన్ని అంతకుముందు ఆ వాల్వ్ మొహం చూడనివి కూడా, రోజుల్లోనే దాన్ని తయారుచేయడం మొదలుపెట్టాయి. పది రోజులు తిరగకముందే ఉత్పత్తి గాడిన పడింది. సరఫరాదారులను ఏళ్ల తరబడి ధర కోసం పీడించి వదిలేసే కంపెనీకి ఇలాంటి సాయం దొరుకుతుందా?

బోయింగ్ నేర్పిన పాఠం

2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 మ్యాక్స్ గాల్లో ఉండగా డోర్ ప్లగ్ ఊడిపోయింది. దాన్ని పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులు బిగించనే లేదని దర్యాప్తులో తేలింది. ఒక మరమ్మతు కోసం దాన్ని తీసి, తిరిగి పెట్టేటప్పుడు సరైన రికార్డు కూడా రాయలేదు.

బోయింగ్ కూడా ఎన్నో ఏళ్లుగా లీన్ గురించి మాట్లాడిన సంస్థే. అసెంబ్లీ లైనును కదిలే లైనుగా మార్చింది. కానీ అక్కడ ‘ట్రావెల్డ్ వర్క్’ అనే అలవాటు పెరిగింది. ఒక స్టేషన్లో పూర్తికాని పనిని వదిలేసి విమానాన్ని ముందుకు పంపడం, తర్వాత ఎక్కడో దాన్ని పూర్తిచేయడం. లైను ఆగకూడదన్న పట్టుదల ఉంది, తప్పు ఉంటే లైను ఆపాలన్న జిదోకా మాయమైంది. ప్రమాదం తర్వాత అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆ విమానాల ఉత్పత్తిని నెలకు 38కి పరిమితం చేసింది. 2025 అక్టోబరులో గానీ దాన్ని 42కు పెంచడానికి ఒప్పుకోలేదు. తొందర ఎంత ఖరీదో లెక్క అక్కడే ఉంది.

ఇది మనకు దూరపు సంగతేం కాదు. హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి సంస్థ అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు, 737 విమానాల తోక నిర్మాణాలు తయారుచేస్తోంది. అమెరికాలో వేగం తగ్గినా పెరిగినా ఆ అల ఆదిభట్ల వరకూ వస్తుంది.

మన సాఫ్ట్‌వేర్ టీముల్లో కాన్బాన్

మనలో ఎక్కువమంది రోజూ చూసే లీన్ వస్తువు కాన్బాన్ బోర్డు. టు డూ, ఇన్ ప్రోగ్రెస్, డన్ అని మూడు గడులు. టయోటాలో కాన్బాన్ ఒక కార్డు. దాని అసలు పని హద్దు పెట్టడం. కార్డు రానిదే పైనుంచి కొత్త భాగం తయారు కాకూడదు. మన టీముల్లో బోర్డు ఉంటుంది, హద్దు ఉండదు. ఇన్ ప్రోగ్రెస్ గడిలో ఒక్కొక్కరి పేరు మీద ఏడెనిమిది టికెట్లు వేలాడుతుంటాయి. అన్నీ అర్జెంటే. అలాంటి బోర్డుతో ఒరిగేది లేదు, ఎవరెవరు వెనకబడ్డారో చూపించే నోటీసు బోర్డుగా మిగులుతుంది.

ఆసుపత్రుల్లో పనిచేసే మన డాక్టర్లు, నర్సులకు సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ పేరు తెలిసే ఉంటుంది. 2002 నుంచి టయోటా పద్ధతిని అమలుచేసిన ఆసుపత్రి అది. రోగికి ప్రమాదం ఉందనిపిస్తే ఏ ఉద్యోగి అయినా పని ఆపి హెచ్చరించే ఏర్పాటు అక్కడ ఉంది. లైను ఆపే తాడు ఆసుపత్రిలో వేసుకున్న రూపం అది.

అన్నింటికంటే మన సంఘాలకు బాగా అర్థమయ్యే ఉదాహరణ న్యూయార్క్‌ది. అక్కడి ఫుడ్ బ్యాంకుకు టయోటా తన ఇంజినీర్లను పంపింది. హార్లెమ్‌లోని భోజనశాలలో రాత్రి భోజనం కోసం 90 నిమిషాల దాకా క్యూలో నిలబడాల్సి వచ్చేది. పది కుర్చీలు ఖాళీ అయ్యేదాకా ఆగి పదిమందిని ఒకేసారి పంపడం వల్ల వచ్చిన ఆలస్యం అది. ఒక కుర్చీ ఖాళీ కాగానే ఒకరిని పంపడం, ఖాళీలు చూసేందుకు ఒక మనిషిని పెట్టడం వంటి మార్పులతో అది 18 నిమిషాలకు తగ్గింది. కొత్త యంత్రాలు కొనలేదు, ఎవరినీ తీసేయలేదు. ఉగాది, సంక్రాంతి వేడుకల్లో హైస్కూల్ కెఫటేరియా బయట బారులు తీరే మన భోజనాల క్యూలకు కూడా ఇది పనికొస్తుందేమో నిర్వాహకులు ఆలోచించవచ్చు.

భారత మిల్లుల మీద పరిశోధన

లీన్ నిజంగా పనిచేస్తుందా అన్నదానికి గట్టి ఆధారాల్లో ఒకటి భారతదేశం నుంచే వచ్చింది. నికొలస్ బ్లూమ్ తదితర ఆర్థికవేత్తలు ముంబై దగ్గరి 17 వస్త్ర సంస్థలను తీసుకుని, కొన్ని ప్లాంట్లకు కన్సల్టెంట్ల సాయం ఉచితంగా ఇప్పించి, మిగతావాటితో పోల్చారు. నేర్పినవి పెద్ద సాంకేతిక విషయాలేం కాదు. నేల శుభ్రంగా ఉంచడం, నూలు నిల్వలకు లెక్క రాయడం, యంత్రాలు ఎందుకు ఆగాయో నమోదు చేయడం, లోపాల మీద రోజూ కూర్చుని మాట్లాడుకోవడం. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో ప్రచురించారు.

ఇన్ని లాభాలున్నవి యజమానులు అంతకుముందే ఎందుకు చేయలేదు? కొన్నిటి గురించి వారికి తెలియదు, తెలిసినవి తమకు పనికిరావనుకున్నారు. పైగా కుటుంబ సంస్థల్లో అన్ని నిర్ణయాలూ అన్నదమ్ముల చేతుల్లోనే ఉండటంతో, నమ్మి బాధ్యత అప్పగించే మనిషి లేక సంస్థ పెరగలేదు.

అదే బృందం కొన్నేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూసి 2020లో రెండో అధ్యయనం ప్రచురించింది. నేర్చుకున్న పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. మేనేజర్లు మారిపోవడం, యజమానులకు తీరిక లేకపోవడం ముఖ్య కారణాలు. అయినా సాయం పొందని ప్లాంట్లతో పోలిస్తే వాళ్లు బాగా ముందే ఉన్నారు. ఈ అధ్యయనం మనకు చెప్పేది ఒకటుంది. పద్ధతి మనుషుల్లో ఉంటుంది. అనుభవమున్న మేనేజరును ఖర్చు కింద చూసి పంపించేస్తే అతనితో పాటు పద్ధతి కూడా గేటు దాటుతుంది.

ఏఐ, రోబోలు వచ్చాక?

ఇప్పుడు ప్రతి సమావేశంలో వినిపించేది డిజిటల్ లీన్. సెన్సర్లు, కెమెరాలు, ఏఐ కలిపి వృథాను ముందే పట్టుకోవచ్చన్నది ఆశ. బ్రెజిల్ ఫ్యాక్టరీల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, లీన్‌నూ కొత్త డిజిటల్ సాంకేతికతనూ కలిపి అమలుచేసిన చోట్ల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. గజిబిజిగా ఉన్న పనిని అలాగే ఉంచి దాని మీద కంప్యూటర్ పెడితే గజిబిజి వేగం పుంజుకుంటుంది, అంతే.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ భవనం ఇందుకు సాక్షి. జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఆ ప్లాంటును 1984లో టయోటాతో కలిసి నుమ్మి పేరుతో తెరిచారు. ఎక్కువమంది పాత కార్మికులే, యూనియన్ అదే. పద్ధతి మారేసరికి నాణ్యత మారిపోయింది. క్రాఫ్‌సిక్ కూడా మొదట అక్కడ ఇంజినీరే. 2010లో అది మూతపడ్డాక ఆ భవనం టెస్లా చేతికి వచ్చింది. 2018లో మోడల్ 3 తయారీలో రోబోల మీద అతిగా ఆధారపడి ఇబ్బంది పడ్డాక, అతి ఆటోమేషన్ పొరపాటేనని, మనుషుల విలువను తక్కువగా అంచనా వేశామని ఎలాన్ మస్కే ఒప్పుకున్నారు.

టయోటాకు కూడా డిజిటల్ దెబ్బ తప్పలేదు. 2022 మార్చి 1న ఒక సరఫరాదారు మీద సైబర్ దాడితో జపాన్‌లోని 14 ప్లాంట్లు ఒకరోజు ఆగాయి. 2023 ఆగస్టు 29న అవే 14 అసెంబ్లీ ప్లాంట్లు మళ్లీ ఆగాయి. కారణం సర్వర్లలో డిస్క్ స్థలం చాలకపోవడం. ఐటీలో ఉన్న మనవాళ్లకు ఇది నవ్వు తెప్పించినా, ఫ్యాక్టరీకి ఇప్పుడు సర్వర్ కూడా ఒక యంత్రమేనని, దానికీ నిర్వహణ కావాలని ఇది గుర్తుచేస్తుంది.

ఊళ్లో పరిస్థితి

2019 ఆగస్టులో పెనుకొండ దగ్గరి కియా ప్లాంటులో సెల్టోస్ ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యమున్న ఆ ప్లాంటు చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. శ్రీసిటీలోనూ తయారీ యూనిట్లు పెరిగాయి. పెద్ద కంపెనీకి భాగాలు సరఫరా చేయాలంటే స్థానిక చిన్న పరిశ్రమ వేళ తప్పకూడదు, లోపం ఉండకూడదు. ఇక్కడే చాలామంది తడబడతారు.

కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 10న ఎంఎస్ఎంఈల కోసం కొత్త రూపంలో లీన్ పథకాన్ని ప్రారంభించింది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు దశలు. కన్సల్టెంట్ల ఫీజు, అమలు ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు నడిపే యూనిట్లకు మరో 5 శాతం అదనం. ఊళ్లో యూనిట్ ఉన్న అన్నయ్యకో, బావమరిదికో ఈ సంగతి ఒక వాట్సాప్ మెసేజ్‌లో చెప్పడానికి మనకు ఖర్చేమీ లేదు. డబ్బు పంపడం కంటే ఇది ఎక్కువ మేలు కావచ్చు. కాకపోతే ముంబై మిల్లుల అనుభవం గుర్తుపెట్టుకుని, నేర్చుకున్న మనిషిని నిలబెట్టుకోమని కూడా చెప్పాలి.

ఇక మన ఆఫీసుల్లో లీన్ మాట వచ్చినప్పుడు కంగారు పడకుండా కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ముందు ఏ పని ఆపేస్తున్నారు, తర్వాత ఎవరిని తీసేస్తున్నారు? ఈ క్రమం తలకిందులైతే అది కోతే. తప్పు కనిపిస్తే పని ఆపే హక్కు కింది ఉద్యోగికి ఉందా? ఉపాయం చెప్పిన మనిషి ఉద్యోగానికి భరోసా ఉందా? ఒకేసారి చేతిలో ఉండే పనికి హద్దు ఉందా? వీటికి జవాబులు సరిగ్గా ఉన్న చోట ధైర్యంగా పనిచేయవచ్చు. లేని చోట రెజ్యూమె సిద్ధంగా ఉంచుకోవడం, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవడం, వీసా కాగితాలు సరిచూసుకోవడం మంచిది. కంపెనీలు నిల్వల గురించి నేర్చుకుంటున్న పాఠం కుటుంబాలకు కూడా వర్తిస్తుంది.